గురువారం జాకెట్టు

బసవయ్య ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడు. జగ్గయ్యపేటలో ఆ సంగతి అందరికీ తెలుసు. చొక్కాలు, లాగులు, పెళ్ళిళ్ళకి కోట్లు. అంతే.

అలాంటి మనిషి మిషను మీద చిలకాకుపచ్చ జాకెట్టు ఒకటి సగం కుట్టి ఉంది. పక్కనే కొలతల చీటీ. భార్య దుర్గాంబ వంగి చదివింది. ఛాతీ ముప్ఫై ఎనిమిది. తనకి ముప్ఫై రెండే. చీటీ పైన పేరు కూడా ఉంది. ప్రమీలారాణి, నందిగామ.

"ఎవరండీ ఈ రాణి?"

బసవయ్య తలెత్తలేదు. "బేరం."

"ఆడవాళ్ళవి కుట్టనంటారుగా?"

"కొందర్ని కాదనలేం."

ఆ గురువారం పదింటికల్లా మిషను మీద గుడ్డ కప్పేశాడు. తల దువ్వి పాపిడి తీశాడు. చెవిలో అత్తరు దూది పెట్టుకున్నాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అతని దగ్గర మిషను నూనె వాసన తప్ప మరో వాసన ఎరగదు దుర్గాంబ.

"నందిగామ వెళ్ళొస్తా" అని జాకెట్టు పొట్లం చంకన పెట్టుకుని బయల్దేరాడు.

కిటికీలోంచి చూసింది. నాలుగడుగులేసి కనుమరుగయ్యాడు. వెంటనే అతని నవ్వు వినిపించింది. ఎవరితోనో నిలబడి మాట్లాడుతున్నాడు. అరుగు మీదకి వస్తే తప్ప కనపడదు.

వచ్చింది. తీరా చూస్తే కిళ్ళీకొట్టువాడు. కిళ్ళీకొట్టువాడితో అంత నవ్వేమిటి?

మర్నాడు కూరగాయల ఆదెమ్మ గుమ్మంలో గంప దించింది. దుర్గాంబ ఎప్పట్లాగే చేటలో బియ్యం పోసి వంకాయలు ఏరుకుంటోంది.

"నే చెప్పానని అనకు దుర్గమ్మా. మీ ఆయన నిన్న బస్సుల కాడ మూరెడు మల్లెపూలు కొన్నాడు. నీకేననుకున్నా."

"నాకు తేలేదే."

"అయ్యో, తేలేదా? ఎండకి వాడిపోయినయ్యేమోలే" అని ఆదెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గంప ఎత్తుకుంది.

దుర్గాంబకి పిల్లల్లేరు. తమ్ముడు పోయాక పుట్టింటి వైపూ ఎవరూ లేరు. ఉన్నది ఈ మనిషొక్కడే. ఈ మనిషీ చెయ్యి జారిపోతే?

రెండో గురువారం, మూల పడున్న చెప్పులు దులిపి కాళ్ళకి తొడిగింది. వార్లు బిగుసుకుపోయి కరిచాయి. వీధి మలుపు దాకా వెనకే వెళ్ళింది. గుండె దడదడలాడింది. మోకాళ్ళు వణికాయి. వీపంతా చెమట. కోపమంటే ఇదే కాబోలు అనుకుంది.

మలుపులో నీళ్ళ బిందెతో ఎదురైన రత్తమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఎవరూ, దుర్గాంబేనా?"

దుర్గాంబ తల దించుకుని గిరుక్కున వెనక్కి తిరిగింది. తన పరువు అప్పుడే వీధిన పడిందన్నమాట.

మూడో గురువారం బస్సుల దగ్గరికే వెళ్ళింది. గోడ చాటు నుంచి చూసింది. ఆదెమ్మ చెప్పింది నిజమే. పూలు కొన్నాడు, ఆకులో కట్టించాడు, పొట్లంలో పెట్టాడు. చుట్టూ చూసి, తీరిగ్గా నందిగామ మీదుగా పోయే బెజవాడ బస్సెక్కాడు. బస్సు రేపిన దుమ్ము అణిగేదాకా ఆమె అక్కడే నిలబడింది.

సాయంత్రం అన్నం పెడుతుంటే అడిగాడు. "అలిసిపోయినట్టున్నావే?"

"ఇంటి పనికి."

బసవయ్య చటుక్కున తల దించేసుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని ఆమెకి అనిపించింది. ఆ కంచం లాగి పెరట్లోకి విసిరేద్దామనుకుంది.

నాలుగో గురువారం అతను ముందు సీట్లో, డ్రైవరు వెనక కూర్చున్నాడు. ఆమె కొంగు కప్పుకుని ఆఖర్న, మిరపకాయల బస్తాల పక్కన ఒదిగింది. కొత్త నయాపైసల లెక్క తెలియక గుప్పిట్లో ఉన్నవన్నీ కండక్టరు చేతిలో పోసింది.

"ఏ కాలం మనిషివమ్మా?" అని నవ్వి టిక్కెట్టు చింపాడు.

దారిలో వాగు చప్టా దగ్గర బస్సు నెమ్మదించింది. దుర్గాంబ కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. చూపు మాత్రం భర్త మెడ మీంచి కదల్లేదు. ఆ నూనె తల, ఆ పాపిడి, చెవిలో ఆ దూది.

నందిగామలో రెండు సందులు తిరిగి ఓ పెంకుటింట్లోకి వెళ్ళాడు. తలుపు ఓరగా వేసి ఉంది. దుర్గాంబ ఒక్క తోపు తోసింది.

"ఎక్కడుందండీ మీ రాణి?"

లోపల బసవయ్య, అతనికి ఎదురుగా ఓ ముసలావిడ. అరవై దాటి ఉంటాయి. తెల్లచీర, ఎండుపుల్ల లాంటి ఒళ్ళు. గోడ మీద పటంలో అదే మనిషి, వయసులో, మద్రాసు ఆసుపత్రి నర్సుల వరసలో నిలబడి ఉంది. మల్లెపూలు ఆ పటం పక్కన మేకుకి వేలాడుతున్నాయి. జాకెట్టు మడతైనా విప్పకుండా బల్ల మీదే ఉంది.

"ప్రమీలారాణిని నేనేనమ్మా" అందావిడ. "రా, కూర్చో."

"మీరా? ఈ జాకెట్టులో మీలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు! ఎవరికిది? ఏమండీ, మిమ్మల్నే! ఎవరికోసం కుట్టారు?"

బసవయ్య రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు.

ఆవిడ లేచి దుర్గాంబ చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. తాగేదాకా ఆగింది. తర్వాత నోటు పుస్తకంలో ఒక వాక్యం రాసుకుని బసవయ్య వైపు తిరిగింది.

"ఇక ఆ అత్తరు వేషం మానెయ్యండి బసవయ్యగారూ, తమ్ముడితో కలిసి తను ఎక్కిన బస్సు చప్టా మీంచి వాగులో పడిన రోజు నుంచీ మూడేళ్ళుగా గడప దాటని మనిషి, ఇవాళ అదే చప్టా మీదుగా ఒంటరిగా నా ఇంటికొచ్చింది."