ఏడో గడి

"ఏడో గడిలో ఈ పేరు ఉంటే మీ ఇన్సూరెన్సు చెల్లదు మేడం," అన్నాడు ఏజెంటు, ఫారాన్ని అక్క వైపు తిప్పుతూ.

ప్రమాదం జరిగినప్పుడు కారు నడిపిందెవరో రాయాల్సిన గడి అది. అక్క తన చేత్తోనే అందులో తమ్ముడి పేరు గుండ్రంగా రాసింది. వాడే చెప్పాడు మరి, మంగళవారం పదకొండింటికి దుకాణం ముందు రివర్సు తీస్తూ, ఆగి ఉన్న కారుని గుద్దేశానని.

"వాడికి లైసెన్సు ఉందండీ!"

"మన దేశంది. ఇక్కడ కాపురం ఉండేవాళ్ళకి అది ఆర్నెల్లే పనికొస్తుంది. ఈ అబ్బాయొచ్చి ఎనిమిది నెలలైంది. ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇవ్వరు సరికదా, లైసెన్సు లేకుండా నడిపాడని పోలీసులు కేసు పెడతారు. వెనక్కి పంపించేసినా పంపించేస్తారు."

ఏజెంటు మన భాషవాడే కాబట్టి అంతా అర్థమయ్యేట్టే చెప్పాడు. అర్థమయ్యాకే అక్క పెన్ను పక్కన పెట్టేసింది.

అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. "ఆ పేరు కొట్టేయండి. నడిపింది నేను. నాకు ఇక్కడి లైసెన్సే ఉంది."

అక్క తెల్లబోయింది. ఇంట్లో ఉండి లేనని చెప్పించడం కూడా చేతకాని మనిషి, బావమరిది కోసం ఇంత పచ్చి అబద్ధమా? మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. వెనకే భయమూ వచ్చింది. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! ఈయన రోజూ ఏడింటికే ఫ్యాక్టరీ బస్సుకని వెళ్ళిపోతాడు. పగలంతా కారు తమ్ముడి దగ్గరే ఉంటుంది.

"వద్దు బావా," అన్నాడు తమ్ముడు తల వంచుకుని. "నా పేరే ఉండనీ."

"నువ్వూరుకో!" అన్నాడు బావ.

ఎవరిని ఆపాలో అక్కకి పాలుపోలేదు. తమ్ముడేమో మునిగిపోతానంటాడు, మొగుడేమో వాడి బదులు తను దూకుతానంటాడు. బల్ల కింద ఆయన కాలు తొక్కింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడే గాని మాట తీసుకోలేదు.

"రాయమంటే రాస్తాను," అన్నాడు ఏజెంటు. "కానీ మంగళవారం పదకొండంటే డ్యూటీ టైము. ఇన్సూరెన్సువాళ్ళు మీ ఫ్యాక్టరీకి ఫోను చేస్తారు. ఆ పూట మీరు లోపలున్నారని తేలిందా, దొంగ క్లెయిము కింద ముగ్గురూ ఇరుక్కుంటారు."

"లోపల లేను."

"సెలవు పెడితే నాకు చెప్పరూ?" అక్క ఇక ఆగలేకపోయింది. "ఏమండీ, కొరివితో తల గోక్కోకండి. రాయకండి బాబూ, ఈయన పనిలోనే ఉన్నారు. ఆ సాయంత్రం నడుం నొప్పంటే నేనే కాపడం పెట్టాను."

బావ ఆమె వైపు చూడలేదు.

"పనిలో లేరని రుజువేమైనా ఉందాండీ?" అడిగాడు ఏజెంటు.

బావ చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. ఏజెంటు ఒకసారి చదివాడు. మళ్ళీ చదివి, మడతపెట్టేశాడు. ఏడో గడిలో తమ్ముడి పేరు కొట్టేసి బావ పేరు రాశాడు.

"ఇది చాలు సార్. క్లెయిము వస్తుంది," అన్నాడు గాని, గొంతులో సంతోషం లేదు.

అక్కకి అంతా అయోమయంగా ఉంది. "అబద్ధానికి కూడా కాగితాలిస్తారా?" అంటూ దాన్ని మడతలతో సహా లాక్కుంది.

"బావ చెప్పింది నిజమే అక్కా," అన్నాడు తమ్ముడు. "అబద్ధం చెప్పింది నేను. నీకు తెలియకూడదని నా మీద వేసుకున్నాను."

"నాకేం తెలియకూడదురా?" అంటూనే ఆమె కాగితం విప్పింది.

బావని పనిలోంచి తీసేసి ఆ మంగళవారానికి సరిగ్గా నెల.