ఆ పెళ్లికి రెండు మెమరీ కార్డులు

పెళ్లికొడుకు పేరు వినగానే పట్టాభి కౌంటర్ మీద పెట్టిన మెమరీ కార్డును మళ్లీ అద్దాల బీరువాలో పెట్టేశాడు.

“మురళీకృష్ణనా? గా మురళీకృష్ణేనా బిడ్డా?”

“గాయనే అంకుల్,” అంది సుష్మిత. “ఆదివారం హయత్‌నగర్‌ల పెండ్లి. ఫొటోలు మా స్టూడియోకే ఇచ్చిండు. నేనాడ పనిచేస్తున్నట్టు ఆయనకు తెల్వది.”

దిల్‌సుఖ్‌నగర్‌లో కెమెరా సామాన్లు అమ్మే పట్టాభికి సుష్మిత కొత్త కాదు. ఎల్బీనగర్‌లో వంశీ స్టూడియోలో ఆమె పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తుంది. కార్డులు కావాలన్నా, బ్యాటరీలు కావాలన్నా మెట్రో ఎక్కి ఆమే వస్తుంది. మొన్న ఎండాకాలంలో ఇదే కౌంటర్ ముందు నిలబడి ఏడ్చింది. మురళీకృష్ణ అనేవాడు నాలుగేళ్లు తనతో ఉండి, ఇంకో అమ్మాయి కోసం వదిలేశాడట. ఆ అమ్మాయికీ అన్నీ తెలుసట. ప్రేమలో దెబ్బతిన్న పిల్లను గుచ్చిగుచ్చి అడగడమెందుకని పట్టాభి టీ తెప్పించి ఊరుకున్నాడు. ఆయనకూ ఇద్దరు కూతుళ్లు. కోపం ఆమెకంటే ఆయనకే ఎక్కువొచ్చింది.

ఇప్పుడు ఆ కోపం తీర్చుకునే దారి దొరికింది. సొరుగు లాగి ఒక కార్డు బయటికి తీశాడు.

“గిది చూడు. పైన రాసినంత జాగ లోపల లేదు. డూప్లికేట్ మాల్. ఒకాయన తిట్టి వాపస్ ఇచ్చిపోయిండు. నిండినంక కొత్త ఫొటోలు పాతవాటి మీదనే పడ్తయి. కెమెరాల అంతా మంచిగనే కనబడ్తది. తీస్కపోయి కంప్యూటర్ల పెడితే సగం పెండ్లి ఉండది.” గొంతు తగ్గించాడు. “ఎవ్వరికీ అనుమానం రాదు. కార్డు ఖరాబైందంటరు, అంతే.”

సుష్మిత ఆ కార్డును అరచేతిలో పెట్టుకుని చూసింది.

మురళీకృష్ణకు అద్దం కంటే కెమెరా ఇష్టం. బువ్వ తినే ముందు కూడా ఫొటో దిగే మనిషి. ఈ పెళ్లికి యాభై మందిని కూడా పిలవలేదు కానీ, ఫొటోలకూ వీడియోకూ పెద్ద ప్యాకేజీయే మాట్లాడుకున్నాడు. అవి పోతే ఎలా గిలగిల్లాడతాడో తలచుకుంటే ఆమె ప్రాణానికి హాయిగా అనిపించింది.

కానీ ఎన్నాళ్లు ఏడుస్తాడు? నాలుగు రోజులు ఏడ్చి, మళ్లీ కొత్త బట్టలు కట్టి కొత్తగా ఫొటోలు దిగుతాడు. తన కడుపుమంటకు అంతేనా?

ఆమె కార్డును వెనక్కి జరిపింది.

“వద్దంకుల్. మీ దగ్గర అన్నిట్ల మంచి కార్డులు ఏవున్నయో గవి ఇయ్యుండ్రి. రెండు కావాలె.”

“చిన్న పెండ్లే గదా, రెండెందుకు?”

“కెమెరాల రెండు ఖానాలున్నయి. ప్రతి ఫొటో రెండిట్ల పడాలె. ఒకటి ఖరాబైనా ఇంకోటి ఉండాలె.”

పట్టాభికి ఒళ్లు మండింది. “నిన్ను గింత పరేషాన్ చేసినోని పెండ్లికి గింత జాగ్రత్తనా? మెత్తగుంటే మొత్తబుద్ధయితది బిడ్డా. నీలాంటోళ్లు ఉండబట్టే గాళ్ల ఆటలు సాగుతున్నయి.”

ఎప్పుడూ గీచి గీచి బేరమాడే సుష్మిత ఆ రోజు ధర కూడా అడగలేదు. సీళ్లు తిప్పి తిప్పి చూసుకుని, అక్కడే ఒక్కో కార్డు నిండా వీడియో ఎక్కించి పరీక్షించమంది. పట్టాభి గొణుక్కుంటూనే ఆ పని చేశాడు.

శనివారం ఆమే కార్డులను కెమెరాలో పెట్టింది. కెమెరాలో తేదీ, సమయం సరిచేసింది. ఆ తర్వాత వంశీ దగ్గరికి వెళ్లింది.

“సార్, తాళి గట్టేటప్పుడు చుట్టాలు అడ్డమొస్తే జరపుండ్రి. ఆయన ముఖం, చేతులు, తాళి ఒక్క ఫొటోల కనబడాలె. ఏడడుగుల వీడియో నడిమిట్ల ఆపొద్దు. పంతులు గూడ పడాలె.”

“ఎన్నడు లేనిది గీ పెండ్లి మీద నీకు గంత ప్రేమేంది?” అని నవ్వాడు వంశీ.

“ఆల్బమ్ మంచిగ రావాలె గద సార్.”

ఆదివారం సాయంత్రం వంశీ కార్డులు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పెళ్లికొడుకు తాళి కడుతూ కూడా కెమెరా వైపే చూశాడనీ, పంతులు రెండుసార్లు కసురుకున్నాడనీ చెప్పాడు. సుష్మిత ఒక్కో ఫొటోనూ తెర మీద పెద్దది చేసి చూసింది. అన్నిట్లోనూ మురళీకృష్ణ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ నవ్వు వాడిపోవాలని ఆమె మనసారా కోరుకుంది. కంట్లో చుక్క నీరు రాలేదు. చాలా నెలల తర్వాత గట్టిగా ఆకలేసి, బిర్యానీ తెప్పించుకుని మొత్తం తిన్నది.

మర్నాడు ఎల్బీనగర్‌లో కోర్టు పక్క సందులో ఉన్న లాయరు వెంకట్రావు ఆఫీసుకు వెళ్లి, ఒక కార్డు ఆయన చేతిలో పెట్టింది. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి ఆయన. జీలకర్ర బెల్లం నుంచి ఏడో అడుగు దాకా కళ్లజోడు తుడుచుకుంటూ చూశాడు. తర్వాత ల్యాప్‌టాప్ మూసి, ఆమె వైపు తిరిగాడు.

“మీకు విడాకులు ఇవ్వకుండానే రెండో పెళ్లి చేసుకున్నాడని రుజువు చెయ్యడానికి ఇది చాలు, ఇక ఆయన మీ మెళ్లో తాళి కట్టిన ఫొటో ఒక్కటి ఇవ్వండమ్మా.”