ఎడమచేతి అతుకు

లారీ ఇంజిన్ని జీపులోకి దించి బోల్టులు బిగించేసరికి వీధంతా నిద్రపోయింది. జిడ్డు తుడుస్తున్న మెకానిక్ చెయ్యి ఒకచోట ఠక్కున ఆగిపోయింది. బ్రాకెట్ మీద వెల్డింగ్ అతుకు కుడినుంచి ఎడమకి సాగింది. అలా ఎడమచేత్తో అతికేవాడు ఈ చుట్టుపక్కల తనొక్కడే. ఆ అతుకు వేసింది అన్న లారీకి.

ఆ లారీ అన్నతో సహా ఏట్లో మునిగిపోయిందనీ, తానొక్కడే ఈది బయటపడ్డాననీ అమ్మ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చినవాడు బావ. ఈ ఇంజిను పాతసామాన్ల కొట్లో దొరికిందంటూ తెచ్చినవాడూ బావే. దీనికి నీళ్లు తగిలిన జాడే లేదు.

"ఏం బామ్మర్దీ, పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా? జరుగు!" అంటూ బావ తన జీపు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజిను అందుకుంది. తాళం తీసేసినా ఆగలేదు. రెండుసార్లు పెద్దగా రొద చేసింది. ఇంటిముందు లారీ ఆపేముందు అన్న ఎప్పుడూ అలాగే రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కేవాడు, అమ్మ లేచి తలుపు తీస్తుందని.

"నేను తొక్కట్లేదురా!" బావ కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు.

మెకానిక్ జిడ్డుగుడ్డ పడేసి సీటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అన్న ఎక్కడ బావా?"

ఇంజిను దానంతటదే ఆగిపోయింది. బావ ఏం చెబుతాడా అని అదీ వింటోంది.