చెవి తమ్మె

ఆవిడ నవ్వు రోవెనాకు అస్సలు నచ్చలేదు.

నవ్వితే చిగుళ్లు కనిపిస్తున్నాయి. పాదాలు పడవల్లా ఉన్నాయి. ఎండకు ముక్కు టమాటాలా కందిపోయింది. అయినా సరే, ఆ మనిషి గేటు దాటి రాగానే బోయెట్ "అమ్మా!" అంటూ ఎదురు పరుగెత్తాడు. ఆ ఆరేళ్ల వెధవకు ఆ మాట ఆర్నెల్లుగా నూరిపోసింది రోవెనానే.

ట్రూడీ, గ్లెన్ దంపతులు తమ ఇద్దరు కొడుకులతో నెబ్రాస్కా నుంచి ఇలోయిలో నగరానికి వచ్చి నాలుగు రోజులైంది. అనాథాశ్రమంలో ఉన్న బోయెట్‌నూ, వాడి చెల్లెలు లిగాయానూ దత్తత తీసుకోవడానికి వచ్చారు. ముందే ఒక ఫోటోల ఆల్బమ్ పంపారు. దాన్ని పిల్లలకు రోజూ చూపించి ఇది అమ్మ, ఇది నాన్న, ఇది కుక్క అని నేర్పే పని సిస్టర్ ఫెలిసా రోవెనాకు అప్పగించింది. పిల్లలు చించేస్తారని రోవెనా ఆల్బమ్‌ను తన దిండు కిందే పెట్టుకునేది. పసుపురంగు వంటగది, పెరట్లో ఉయ్యాల, పిల్లల గదిలో కిటికీ పక్కన మిగిలిన జాగా, అన్నీ కళ్లు మూసుకుని చెప్పగలదు.

బోయెట్‌తో గొడవ లేదు. చిక్కంతా లిగాయాతోనే. నాలుగేళ్లది. ఆవిడ ఎత్తుకోబోతే కట్టెలా బిగుసుకుపోతోంది. "అక్కా" అంటూ వచ్చి రోవెనా గౌను పట్టుకుంటోంది. అలా పట్టుకున్నప్పుడల్లా రోవెనాకు లోపలెక్కడో చక్కిలిగింత పెట్టినట్టు ఉంటోంది. నాలుగు రోజుల్లో తనకు దక్కిన సంతోషం అదొక్కటే.

"దత్తత ఆఫీసు మేడమ్ రేపు వస్తుంది," అంది సిస్టర్ ఫెలిసా. "పిల్ల ఇలాగే ఏడిస్తే ప్రయాణం ఆపేస్తుంది. మళ్లీ ఎన్నాళ్లకో! నువ్వు కాస్త చెప్పవే. నీ మాటయితే వింటుంది."

"నేనేం చెప్పను సిస్టర్? దాని ఇష్టం దానిది."

వంటింట్లో పసింగ్ పిన్ని చాక్లెట్ జావ కలుపుతూ కిసుక్కున నవ్వింది.

"ఆ మూతి చూడు, ఎండుచేపలా! నీళ్లు పోసి అన్నం పెట్టినంత మాత్రాన నీదైపోతుందటే? వెళ్లే పిల్లను వెళ్లనీ."

"నేనేం పట్టుకు వేళ్లాడటం లేదు పిన్నీ."

"నీ కళ్లు చెబుతున్నాయిలే. అయ్యో, అది ఉప్పే తల్లీ! పంచదార డబ్బా ఇటివ్వు."

భోజనాల దగ్గర అందరూ చేతులు పట్టుకున్నారు. గ్లెన్ ప్రార్థన చేశాడు. ఆమెన్ అనగానే ట్రూడీ సిస్టర్ వైపు తిరిగింది.

"మూడేళ్ల కిందట మోకాళ్ల మీద ఉన్నప్పుడు దేవుడు నాతో చెప్పాడు సిస్టర్. ఇద్దరు, అని స్పష్టంగా వినిపించింది. వీళ్ల ఫోటో చూడగానే నాకు తెలిసిపోయింది. వీళ్లే!"

రోవెనా తల వంచుకుని మెతుకులు కెలికింది. సముద్రాల అవతల ఉన్న మనిషితో అంత స్పష్టంగా మాట్లాడిన దేవుడు, ఇక్కడే ఇన్నేళ్లుగా రోజూ మొక్కుకుంటున్న తనతో ఒక్క మాటన్నా ఎందుకు అనలేదో! ఇద్దరట. అంత కచ్చితంగా.

మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళైంది. ట్రూడీ లిగాయాను ఒళ్లో వేసుకుంది. ఊపింది. పాడింది. బొమ్మ చూపించింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

రోవెనా గుమ్మంలో నిలబడి చూసింది.

లిగాయాను నిద్రపుచ్చే కిటుకు ఒకటుంది. ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలపాలి. కుడి చెవి అయితే ఒప్పుకోదు. ఈ సంగతి సిస్టర్‌కు తెలియదు, పసింగ్ పిన్నికీ తెలియదు. రోవెనా రెండేళ్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఇప్పుడూ నోరు మూసుకుంటే చాలు. రేపు ఆఫీసు మేడమ్ ఈ ఏడుపు చూస్తుంది. ప్రయాణం ఆగిపోతుంది. లిగాయా ఇక్కడే, అందరితో పాటే ఉండిపోతుంది.

"ప్రభువా, నాకు చేతకావడం లేదు," అంది ట్రూడీ పైకే. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు జారి పిల్ల జుట్టులో పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పిల్ల గింజుకుంటుంటే, పడిపోకుండా రెండు చేతులతో పొదివి పట్టుకుంది.

ఆ రెండు చేతుల్నీ రోవెనా చాలాసేపు చూసింది. అంత ఏడ్చినా, కాళ్లతో తన్నినా వదలడం లేదు.

గబగబా లోపలికి వచ్చింది.

"అలా కాదండీ! పాడొద్దు. ఇదిగో, ఈ చెవి. ఎడమది. ఇలా మెత్తగా."

ట్రూడీ వేళ్లు తీసుకుని తనే పెట్టింది. పిల్ల రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టింది. నోట్లో బొటనవేలు వేసుకుంది. కాసేపటికి ఒళ్లు వదులుచేసి, ట్రూడీ భుజం మీద చొల్లు కారుస్తూ నిద్రపోయింది.

ట్రూడీ ఊపిరి తీసుకోవడానికి కూడా భయపడుతున్నట్టు మెల్లగా అంది:

"నా మీద నీకు కోపంగా ఉంటుంది కదూ? నీ దగ్గర్నుంచి పిల్లను లాక్కెళ్లిపోతున్నాను."

"అయ్యో, మీ మీద నాకేం లేదండీ," అంది రోవెనా. చూపు మాత్రం లిగాయా తల ఆనించిన భుజం మీదే ఉంది.

పదిహేనేళ్లు నిండాయని, దత్తతకు ఎదురుచూసే పిల్లల జాబితాలోంచి రోవెనా పేరును సిస్టర్ ఫెలిసా కిందటి సోమవారమే కొట్టేసింది.