మళ్లీ మొదటి సంవత్సరం

ఫార్మసీ రెండేళ్లు చదివాక ఆమె మనసు లా మీదికి మళ్లింది. ఇంట్లో అందరితో పోట్లాడి, వందమంది పరీక్ష రాస్తే నలుగురికి సీటిచ్చే కాలేజీలో సాయంత్రం బ్యాచికి మారింది.

చేరిన రోజు ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఆమె ఫైలు మీద ‘మొదటి సంవత్సరం’ అని ముద్ర కొట్టింది.

“పాసైన సబ్జెక్టులైనా లెక్కలోకి రావా మేడమ్?”

“రావమ్మా. రూలు.”

“అంటే నా రెండేళ్లూ నీళ్లపాలేనా? మొన్న స్కూలు దాటిన పిల్లల పక్కన కూర్చోవాలా?”

గుమాస్తా ఆ ఫైలు పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“మీకేం తెలుస్తుందండీ! అక్కడ కూర్చుని ముద్రలు కొట్టడమేగా!”

గుమాస్తా గడియారం చూసి కిటికీ మూసేసింది. మొహం మీదే మూసినందుకు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

అంతలో పక్క తలుపు తెరుచుకుంది. ఏభై దాటిన ఆ గుమాస్తా భుజానికి పుస్తకాల సంచీ తగిలించుకుని బయటికొచ్చింది.

“పదమ్మా, క్లాసు మొదలవుతుంది,” అంది. “ఇరవై ఏళ్లుగా ఈ ముద్ర అందరికీ కొడుతున్నా. నాలుగుసార్లు పరీక్ష రాస్తే ఇప్పటికి సీటొచ్చింది, మొన్న నా ఫైలు మీద నేనే కొట్టుకున్నా. కాస్త నా పక్కన కూర్చో. ఆ పిల్లల మధ్య ఒక్కదాన్నే అంటే సిగ్గేస్తోంది.”