అట్ట మీది నాన్న

"బిడ్డని కనడానికి తీరికుంది, ఎత్తుకోవడానికి లేదా?"

పసికందుల ఐసీయూ గుమ్మంలో పెద్ద డాక్టరు ఒక కుర్ర తండ్రిని దులిపేస్తున్నాడు. అతను చేసిన నేరమల్లా, ఆఫీసుకి వెళ్లి సాయంత్రం వస్తానని అడగడం.

"సెలవు దొరకలేదండీ..."

"ఒక్కరోజు వెళ్లకపోతే కొంపలేం మునగవు. చొక్కా విప్పు. బిడ్డని గుండె మీద వేసుకుని కూర్చో. అదిగో, ఆయన్ని చూసి నేర్చుకో!"

గోడ మీద నిలువెత్తు ఫోటో. ఒక మగాడి ఛాతీ. దాని మీద గుప్పెడంత పాప, ముఖాన్ని కప్పేసిన ఊలు టోపీ, దాని కిందనుంచి గొట్టం. ఆ చిన్ని వీపును పూర్తిగా కప్పేసిన అరచెయ్యి. పరిశోధన కోసం తీసే ఫోటోల్లో ముఖాలు కనిపించకూడదని డాక్టరుగారే నియమం పెట్టాడు. అందుకని ఆ తండ్రి మెడ దాకానే ఉన్నాడు.

నెలలు నిండని బిడ్డలకి తండ్రి ఒంటి వెచ్చదనం ఎంత మేలు చేస్తుందో నిరూపించిన మహానుభావుడు మన డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి ఆయన తిరగని దేశం లేదు. ఏళ్ల కిందట ఈ ఫోటో తీసిన రోజుల్లో కూడా ఎక్కడో మైకు ముందు అదే చెబుతున్నాడు. తిరిగొచ్చాక, హెడ్ నర్సు తీసిన బోలెడు ఫోటోల్లోంచి దీన్ని ఏరి, "నాన్నంటే ఇదీ!" అని మురిసిపోయాడు. ఇప్పుడు అదే ఆయన పుస్తకానికి అట్ట.

ఆదివారం పుస్తకం విడుదల. ఆ తండ్రీబిడ్డల చేతుల మీదుగానే చేయిస్తానని పత్రికలవాళ్లకి ముందే గొప్పలు పోయాడు. కొత్త పరిశోధన కేంద్రానికి ఈయన్ని అధిపతిని చెయ్యాలా వద్దా అని తేల్చే పెద్దలంతా వస్తున్నారు. ఆ తండ్రి రాకపోతే అందరిలో నవ్వులపాలే. పదవీ దక్కదు.

"దొరికాడా సిస్టర్?"

హెడ్ నర్సు మాస్కు సర్దుకుంది. "దొరికారు సార్. పాప కూడా వస్తుంది. కానీ మీరొకసారి ముందే చూస్తే..."

"ఎందుకు? జనం ముందే మొదటిసారి కలవాలి. అప్పుడే హాల్లో కళ్లు చెమరుస్తాయి. కాళ్లు తిమ్మిరెక్కినా లేవకుండా కూర్చునేవాడన్నావు కదూ?"

"అవును సార్. పాప కదిలితే ఊపిరి బిగబట్టేవారు."

"మనిషంటే అలా ఉండాలి!"

నర్సు ఇంకేదో చెప్పబోయి, మానేసి, ఇంక్యుబేటర్ల వైపు వెళ్లిపోయింది. ఈవిడకి నోట్లో మాట రాదు, ఫోటోలు మాత్రం బాగా తీస్తుంది అనుకున్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో డాక్టరుగారి కూతురి సైకిల్ని బోర్లించి బావమరిది బ్రేకు బిగిస్తున్నాడు. చూడగానే డాక్టరుకి ఒళ్లు మండింది. డిగ్రీ తప్పి, సైకిళ్ల షాపు పెట్టి, అక్క ఇంట్లో మేడ మీద గదిలో తిష్ట వేసిన ఘనుడు! పెళ్లి కాలేదు. అవుతుందన్న ఆశా లేదు.

"ఏం వెలగబెడుతున్నావురా?"

"బ్రేకు పట్టట్లేదు బావగారూ."

"నీ బతుక్కీ పట్టట్లేదు," అని తన జోకుకి తనే నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు.

వంటింట్లో భార్య కూరగాయలు తరుగుతోంది.

"ఆదివారం నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. మీ తమ్ముణ్ణి మాత్రం వెంటేసుకుని రాకు. పెద్దవాళ్లు వచ్చే చోటు."

"వాడు నా వెంట రాడు లెండి."

"అట్ట మీద ఆ మనిషిని చూసైనా వాడికి బుద్ధొస్తే బాగుండు. బిడ్డని సాకడమంటే ఏంటో తెలుసా వాడికి?"

భార్య కత్తి పక్కన పెట్టింది. "అంత గొప్పవాడా ఆయన?"

"కాళ్లకి దణ్ణం పెట్టినా తప్పులేదు."

"పెట్టండి మరి," అందావిడ.

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. డాక్టరు గొంతు సవరించుకుని తండ్రుల జాతిని ఉతికి ఆరేశాడు.

"బిడ్డ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లని తండ్రులనకండి. చుట్టాలనండి!"

జనం ఘొల్లున నవ్వారు. పెద్దలు తలలూపారు. ముందు వరసలో భార్య ఒక్కతే నవ్వలేదు. డాక్టరు అది గమనించలేదు. పదవి చేతికొచ్చేసినట్టే అనిపించింది ఆయనకి.

"నేనింతవరకు చూడని మహామనిషి! ఆయన్నీ, ఆ గుండె మీద బతికిన పాపనీ మీరంతా లేచి నిలబడి ఆహ్వానించాలి!" అని తెర వైపు చెయ్యి చాపాడు.

హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే, తెర పక్కనుంచి బావమరిది బిడియంగా వేదిక మీదికి వచ్చాడు, అతని వేలు పట్టుకుని డాక్టరుగారి ఒక్కగానొక్క కూతురు.