కీబోర్డు దొంగ

వాషింగ్ మెషిన్ గాజు తలుపు వెనక, నురగలో ఒక అక్షరం గిరగిరా తిరుగుతోంది. దాని వెనకే ఇంకో రెండు. కోడలు పరుగున వెళ్ళి మెషిన్ ఆపేసింది.

తలుపు తెరుచుకునేసరికి తడి బట్టల మధ్య నుంచి పళ్ళూడిన నోరులా కీబోర్డు బయటపడింది.

"ఇది మూడోసారి!" అని అరిచింది. "మొన్న మంచం కింద, నిన్న దుప్పట్ల బీరువాలో. ఇవాళ ఏకంగా మాసిన బట్టల్లో దాచారు. చూసుకోకుండా నేనే ఉతికేశాను!"

ఆడపడుచు కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చింది. ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది.

"నన్నెందుకలా చూస్తావ్ వదినా?"

"నా టైపింగుతో నిద్ర పాడవుతోందని రోజూ గొడవపడేది నువ్వే కదా!"

"అయితే దొంగతనం నాకు అంటగడతావా? నీ టకటక భరించలేక అరిచాను, నిజమే. మొహమ్మీదే అరిచేదాన్ని, చాటుగా దాచే ఖర్మ నాకేంటి?"

"మరి ఇంకెవరు? మీ అన్నయ్య పొద్దున పోతే రాత్రికి గాని రాడు. ఇక మిగిలింది మామయ్య."

ఇద్దరూ బాల్కనీ వైపు చూశారు. ఇంత రభసలోనూ ఆ పెద్దాయన ఇటు తిరగనైనా తిరగకుండా పేపరులో మునిగిపోయి ఉన్నాడు. ఆయనతో ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించాల్సిందే.

"సరే, నేనే దొంగని. హాస్టల్‌కి పోతా. నీ కీబోర్డూ నువ్వూ హాయిగా ఉండండి!" ఆడపడుచు విసురుగా లోపలికి వెళ్ళి మంచం కింది సూట్‌కేసు లాగింది.

రికార్డింగులు విని టైపు చేసే ఉద్యోగం కోడలిది. ఇంకా ట్రయల్లోనే ఉంది. రేపటికల్లా పని అప్పజెప్పకపోతే అదీ ఊడుతుంది. పోతే పోయింది, ఇంకోటి వెతుక్కోవచ్చు. తన నోటి దురుసుకి ఇంటి ఆడపిల్ల గడప దాటితే?

ఎలాగూ మామగారిని చెవి ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించాలి. దారిలోనే కంప్యూటర్ల షాపు.

"నేనొచ్చేదాకా ఆగు. చప్పుడు రానిది కొనుక్కొస్తా," అని గుమ్మంలోంచే చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

షాపతను విని నవ్వాడు. "మెకానికల్ కీబోర్డే కావాలి, చప్పుడు మాత్రం రాకూడదు! పెళ్ళి కావాలి గాని మేళం వద్దన్నట్టుందమ్మా."

"మామూలు రబ్బరుదైతే రోజంతా కొట్టేసరికి వేళ్ళు లాగేస్తాయండీ. ఇన్నాళ్ళూ ఆఫీసువాళ్ళిచ్చిందే వాడాను. సొంతంగా కొనడం ఇదే మొదలు. మీరే చెప్పాలి."

అతను రెండు కీబోర్డులు తీసి ముందు పెట్టాడు. "వీటిలో ప్రతి మీట కిందా చిన్న మెత్త ఉంటుంది. నొక్కినా చప్పుడు రాదు, వదిలినా రాదు. అట్టపెట్టె మీద రాసిందేదీ నమ్మకండి. ఇంట్లో ఎలా కొడతారో అలాగే కొట్టి చూడండి."

ఆమె మొదటిదాని మీద ఒక వాక్యం కొట్టింది. రెండోదాని మీద అదే వాక్యం. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయే!"

"అయితే రెండోది తీసుకోండి. దీనికి లైట్లు కూడా ఉన్నాయి."

సరేనని ఆమె దాన్ని అందుకోబోయింది.

"అది వద్దమ్మా. మాట మాటకీ మధ్య గలగలమంటోంది."

షాపతను స్పేస్ బార్ ఒక్కదాన్నే మళ్ళీ నొక్కి చూశాడు. చెవి ఆనించి విన్నాడు. "నిజమేనండోయ్! ఈ పొడుగు మీట వదులుగా ఉంది. పెద్దాయనవి పాము చెవులే!"

ఆమె కీబోర్డు వైపు చూడడం లేదు. షాపు గుమ్మంలో, వీధి వైపు తిరిగి నిలబడ్డ మామగారి వీపునే చూస్తోంది. పలక ఇంకా ఆమె సంచిలోనే ఉంది.

"మామయ్యా," అంది గుసగుసగా.

ఆయన వెనక్కి తిరిగాడు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడి మొహం.

"మొదట నీ టకటక ఒక్కటే పడిందమ్మా చెవిలో, మేకులు దిగ్గొడుతున్నట్టు. ఒకరోజు వినపడేది, ఒకరోజు పోయేది. నిలుస్తుందో లేదో తెలియకుండా మీకెలా ఆశపెట్టను? డాక్టరు అవునన్నాక చెబుదామనుకున్నా." తల దించుకున్నాడు. "పొద్దున మీరిద్దరూ అరుచుకుంటుంటే సిగ్గేసింది. నా చేతిలో పేపరు తలకిందులుగా ఉందని ఒక్కరైనా చూడలేదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోను తీసి ఇంటికి కలిపింది.

"సూట్‌కేసు మళ్ళీ మంచం కిందికి తోసెయ్. నన్ను క్షమించు. దొంగ దొరికాడు."

"ఎవరు?"

కోడలు ఫోను తీసుకెళ్ళి మామగారి చెవికి ఆనించింది.

"పలకవేం వదినా? ఎవరు, చెప్పు!"

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"నేనేనమ్మా... నాన్నని."